జెడ్పీ హైస్కూలుకి ఆడిటోరియం కట్టాలా, స్టేజీ కట్టాలా? పూర్వ విద్యార్థుల చందా ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. కోనసీమలో ఒక జెడ్పీ హైస్కూలు. 1990ల నాటి పదో తరగతి బ్యాచ్‌లు కొన్ని కలిసి, పిల్లల నాటకాలకీ నాట్యానికీ సంగీతానికీ 80 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పుతో ఆడిటోరియం కట్టిద్దామనుకుంటున్నారు. అమెరికాలో ఉన్నవాళ్లు పెద్ద మొత్తాలు ఇస్తామంటున్నారు. వాట్సాప్ గ్రూపులో పిలుపు ఇవ్వడమే తరువాయి. ఎలా మొదలుపెట్టాలి?

పిలుపు రెండు నెలలు ఆపండి. ఆడిటోరియం ఆలోచన కూడా పక్కన పెట్టి, పైకప్పున్న మంచి స్టేజీ, దాని వెనక మూడు గదులు కట్టండి. ఎందుకో చెప్తాను.

మీరు చెప్పిన హాలుకి 16 అడుగుల ఎత్తు అనుకుంటే ఘనపరిమాణం దాదాపు 1,450 ఘనపు మీటర్లు. ప్లాస్టరింగు గోడలు, గచ్చు నేల, స్లాబు దాదాపు శబ్దాన్ని పీల్చుకోవు. కిటికీలు మూసి ఖాళీ హాలుకి లెక్క వేస్తే ప్రతిధ్వని తగ్గడానికి ఎనిమిది సెకన్లు పైనే పడుతుంది. 300 మంది పిల్లలు కూర్చున్నా ఒకటిన్నర సెకను. మాట స్పష్టంగా వినపడాలంటే ఒక సెకను దరిదాపుల్లో ఉండాలి. అంటే రిహార్సల్ రోజున ఒక్క ముక్క అర్థం కాదు, వార్షికోత్సవం రోజున సగం అర్థమవుతుంది. దీన్ని సరిచేయాలంటే గోడలకీ పైకప్పుకీ వంద చదరపు మీటర్లకి పైనే ఉడ్‌వూల్ బోర్డు (శబ్దాన్ని పీల్చే చెక్కపీచు పలక) లాంటిది బిగించాలి. ఆ ఖర్చు మొదటి అంచనాలో ఎవరూ రాయరు. కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సరిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాటితో మాటకి పెద్ద తేడా రాదు, నిప్పు మాత్రం ఇట్టే అంటుకుంటుంది.

ఇంకో సంగతి. తలుపులు మూసే హాలు ఏదైనా సరే, హైస్కూల్లో రెండేళ్లలో విరిగిన బెంచీల గోదాం అవుతుంది, లేకపోతే పరీక్షల గది అవుతుంది. ముందు తెరిచి ఉన్న స్టేజీని ఎవరూ గోదాం చెయ్యలేరు. రోజూ ప్రార్థన అక్కడే జరుగుతుంది, శనివారం నాట్యం క్లాసు అక్కడే జరుగుతుంది.

కొలతలు ఇలా పెట్టుకోండి. ఆడే చోటు 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు. రెండు పక్కలా 8 అడుగుల చొప్పున వింగ్స్, అంటే పాత్రధారులు తమ వంతు కోసం చాటున నిలబడే చోటు. వెనక తెర వెనకాల 4 అడుగుల నడవ వదలండి. పాత్రధారి ఎడమ వింగ్‌లోంచి కుడి వింగ్‌కి జనానికి కనపడకుండా వెళ్లాలి కదా. పాఠశాల స్టేజీల్లో ఎక్కువగా మర్చిపోయేది ఈ నడవే. దాని వెనక 10 అడుగుల లోతున మూడు గదులు: ఆడపిల్లలకి ఒకటి, మగపిల్లలకి ఒకటి, సామానుకి ఒకటి. ఆడపిల్లల గదికి లోపల గడియ, లోపలే బాత్రూం ఉండాలి. మొత్తం 46 అడుగులు ఇంటూ 34 అడుగులు, అంటే 1,564 చదరపు అడుగులు. ముందు తెర దగ్గర 12 అడుగుల ఎత్తు, లోపల కప్పుకి 16 అడుగులు.

స్టేజీ ఎత్తు రెండున్నర అడుగులు చాలు. పిల్లలు నేల మీద కూర్చుంటే నాలుగడుగుల స్టేజీ మీద నాట్యం చేసేవాళ్ల పాదాలు ముందు వరసకి కనపడవు. ర్యాంపు అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు అవసరం కాబట్టి రెండున్నర అడుగులకి 30 అడుగుల ర్యాంపు. నక్షాలో ముందే గీయించండి, తర్వాత చోటుండదు.

దిక్కు గురించి వాస్తు వాదం ఎలాగూ వస్తుంది. రానివ్వండి. మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే: చూసేవాళ్లు పడమర తిరిగి కూర్చోకూడదు. సాయంత్రం నాలుగింటి కార్యక్రమంలో ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. స్టేజీ ఉత్తరపు కొసన ఉండి దక్షిణం చూస్తే మేలు. కాకపోతే నైరుతి జల్లు లోపలికి కొడుతుంది, ముందు చూరు ఆరడుగులు బయటికి తీయించండి.

నేల సంగతి డెల్టాలో తేలిగ్గా తీసుకోకూడదు. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద నేరుగా గచ్చు వేస్తే రెండో వేసవికి స్టేజీ మధ్యలో చీలిక. రెండు మూడు అడుగుల మట్టి తీయించి, ఇసుక 9 అంగుళాల పొరలుగా పోసి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టించాలి. స్తంభాల పునాదికి భూసార పరీక్ష కాదు, భారం మోసే శక్తి చెప్పే మట్టి పరీక్ష కావాలి. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో చేస్తారు. చాలా బడులు రోడ్డు కంటే పల్లంలో ఉంటాయి. స్టేజీ ఎత్తు లెక్కపెట్టాల్సింది ఆవరణ మట్టం నుంచి కాదు, మెరక చేశాక వచ్చే మట్టం నుంచి.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన. కాంక్రీటు కలపడానికీ తడపడానికీ ఆ నీరు వాడితే ఇనుము లోపలే తుప్పు పట్టి కొన్నేళ్లకి పెచ్చులూడుతుంది. పనేమో వేసవి సెలవుల్లో పెట్టుకుంటారు, కాలువలకి నీళ్లు ఆపేసేదీ అప్పుడే. ఏప్రిల్ మూడో వారం దాటాక మంచినీళ్లు ట్యాంకర్లతో తెప్పించుకోవాల్సిందే. అందుకని పునాది, స్తంభాలు ఫిబ్రవరి మార్చిల్లో అయిపోయేలా చూసుకోండి. ఇసుక గోదావరిదే వాడండి; సముద్రపు పాయల ఇసుకలోనూ ఉప్పే.

కప్పుకి స్లాబా, రేకా? చందా సరిపోతే స్లాబే. తీరప్రాంత ఆంధ్రలో కట్టడాలకి లెక్కలోకి తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఏం చేసిందో ఊళ్లో పెద్దలకి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. మూడు పక్కలా గోడలుండి ముందు తెరిచి ఉన్న కట్టడంలోకి గాలి దూరితే రేకుని కింద నుంచి పైకి తంతుంది. పైనుంచి లాగే గాలి దానికి తోడు. మామూలు షెడ్డు లెక్కతో వేసిన రేకులు ఎగిరిపోయేది ఇందుకే. రేకులే వేయాల్సి వస్తే డిజైన్ చేసే ఇంజినీరుకి ‘ముందు తెరిచి ఉంటుంది’ అని కాగితం మీద రాసివ్వండి. అంచుల దగ్గర బిగింపులు దగ్గర దగ్గరగా పడతాయి. ఒట్టి రేకు కింద వాన పడితే మైకు కూడా వినపడదు, మధ్యలో ఫోమ్ ఉన్న ప్యానెళ్లు నయం.

నాట్యానికి నేల చాలా ముఖ్యం. గ్రానైటు, టైల్సు వద్దే వద్దు. చెమట పాదానికి జారతాయి, కూచిపూడి అడుగులకి మడమలు దెబ్బతింటాయి. గచ్చు నునుపుగా తీయించి, పైన పరిచి తీసేసే చెక్క పలకలు చేయించండి. 8 ఇంటూ 4 అడుగుల 19 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్డు, కింద చెక్క పట్టీలు, పట్టీల కింద 10 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు. 24 ఇంటూ 16 అడుగుల చోటుకి 12 పలకలు సరిపోతాయి. చెదల మందు కొట్టించి, నేలకి ఆనకుండా నిలబెట్టి దాచాలి.

ఇప్పుడు కాగితాలు. బడి స్థలం జిల్లా పరిషత్తుది. ముందు పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం, దానితో హెచ్ఎం లేఖ, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓ (జిల్లా విద్యాధికారి)కి, విడిగా జెడ్పీ సీఈఓకి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు జిల్లా పరిషత్తులని విడదీయలేదు. డీఈఓ అమలాపురంలో, జెడ్పీ కాకినాడలో. రెండు దరఖాస్తులు రెండు ఊళ్లకి పట్టుకెళ్లాలని తెలియక ఆర్నెల్లు పోగొట్టుకునేవాళ్లున్నారు. దరఖాస్తుతో పాటు పంచాయతీరాజ్ లేదా సమగ్ర శిక్ష ఇంజినీరు చేసిన అంచనా, సర్వేయరు హద్దులు వేసిన పటం పెట్టండి. అదే చోట అదనపు తరగతి గదులు మంజూరై ఉన్నాయేమో హెచ్ఎంని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఒప్పందంలో నాలుగు విషయాలు ఉండాలి: కట్టాక ఆస్తి బడిదే, పేరు ఏమిటి, కరెంటు బిల్లు, మరమ్మతులు ఎవరివి, బయటి పెళ్లిళ్లకీ సభలకీ ఇస్తారా లేదా.

డబ్బు ఎక్కడికి రావాలి అన్నది ఇంకా సున్నితం. మైకు సెట్టు, హార్మోనియం, తెరలు లాంటి మూడు లక్షల లోపు వ్యవహారమైతే సంఘమే అక్కర్లేదు. సరుకు కొని బడికిచ్చి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, నకలు తీసుకోండి. కేంద్ర విద్యాశాఖ 2021లో తెచ్చిన విద్యాంజలి పోర్టల్ ద్వారా కూడా వస్తురూపంలో ఇవ్వొచ్చు. కట్టడమైతే సొసైటీ రిజిస్టరు చేయించుకోండి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. ఖాతాలో ముగ్గురి సంతకాలు, అందులో ఎవరివైనా ఇద్దరివి పడాలి. ముగ్గురూ మూడు వేర్వేరు బ్యాచ్‌ల వాళ్లు కావాలి. హెచ్ఎంకి సంతకం పెట్టే బాధ్యత పెట్టకండి, ఆయనకి బదిలీ అవుతుంది. కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరు గ్రూపులో పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ డబ్బు ఆయన ఇంటి ఖర్చుతో కలుస్తుంది, ఎంత నిజాయతీపరుడైనా ఏడాది తర్వాత లెక్క తెగదు. సొసైటీ ఖాతా క్యూఆర్ కోడే ఇవ్వండి.

ఆదాయపు పన్ను మినహాయింపుకి సొసైటీ 12ఏబీ (సొసైటీ ఆదాయానికి), 80జి (దాతలిచ్చే విరాళానికి) రిజిస్ట్రేషన్లు తీసుకోవాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఫారాల సంగతి ఆడిటరుకి వదిలేయండి. మీరు గుర్తుంచుకోవాల్సినవి మూడు. నగదు 2,000 దాటితే దాతకి మినహాయింపు రాదు. దాతల వివరాలు ఏటా దాఖలు చేస్తేనే వాళ్లకి సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి పాన్ నంబరు మొదటి రోజే తీసుకోండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఈ మినహాయింపు అసలు లేదు కాబట్టి ‘పన్ను కలిసొస్తుంది’ అని అందరికీ చెప్పకండి.

అమెరికా డబ్బు దగ్గర బాగా ఆగి చూడండి. అక్కడున్నా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకుని తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చేది) పెట్టుకున్నవాళ్లు, మన ఊరివాళ్లే అయినా, చట్టం దృష్టిలో విదేశీయులు. వాళ్ల దగ్గర వంద డాలర్లు తీసుకోవాలన్నా ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి. రిజిస్ట్రేషన్‌కి సంస్థ మూడేళ్ల పాతదై, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీ కొత్త సొసైటీకి అది కుదరదు. ముందస్తు అనుమతి ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చెప్పి తీసుకునేది; ఒకరిద్దరు పెద్ద మొత్తాలిస్తుంటేనే ఆ శ్రమ గిట్టుబాటు. ఎటు వెళ్లినా ఆ డబ్బు దిగాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే. ‘మా తమ్ముడి ఖాతాకి పంపుతా, వాడు ఇస్తాడు’ అనేది అందరూ చెప్పే దారి. చేతులు మారినా అది విదేశీ విరాళమే అని చట్టంలో స్పష్టంగా ఉంది. ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కలిపే మ్యాచింగ్ డబ్బు కూడా విదేశీ కంపెనీదైతే అంతే. ఇప్పటికే ఎఫ్‌సీఆర్ఏ ఉన్న సంస్థ తీసుకుని మీకు మళ్లించే వీలు 2020 సవరణతో పోయింది. ఆ సంస్థే స్వయంగా పని చేయిస్తే కుదురుతుంది. కాబట్టి ఎవరెవరివి ఏ పాస్‌పోర్టులో పట్టిక వేయకుండా బడ్జెట్ చెప్పకండి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధులకి విద్య, కళల పరిరక్షణ రెండూ అర్హమైనవే. చమురు కంపెనీలు పనిచేస్తున్న ప్రాంతం కాబట్టి అడగడం సబబే. దానికి సొసైటీకి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు కావాలి, జవాబు ఆలస్యం కావచ్చు. వస్తే తర్వాతి పనులకి వాడుకోండి, స్టేజీ కట్టడాన్ని దాని మీద ఆధారపరచకండి.

అడగడం ఎలా అన్నదానికి మెట్ల లెక్క ఒకటి వేసుకోండి. ఉదాహరణకి 20 లక్షలు కావాలనుకుందాం (మీ అంకె ఇంజినీరు అంచనా తర్వాతే). 3 లక్షలు ఇచ్చేవారు ఒకరు, 2 లక్షలవారు ఇద్దరు, లక్షవారు నలుగురు, 50 వేలవారు ఎనిమిదిమంది, 25 వేలవారు 12 మంది, 10 వేలవారు 20 మంది. మొత్తం 47 మంది. అడిగిన ముగ్గురు నలుగురిలో ఒకరు ఒప్పుకుంటారనుకుంటే దాదాపు 150 పేర్లు చేతిలో ఉండాలి, ఒక్కో పేరు పక్కన ఎవరు మాట్లాడతారో రాసి ఉండాలి. పై ఏడుగురిని ముందే, నేరుగా, నక్షా చేత్తో పట్టుకుని కలవండి. వాళ్ల మాట వచ్చాకే గ్రూపులో పిలుపు. ఎందుకంటే గ్రూపులో మొదటివాడు 1,116 అని రాస్తే 25 వేలు ఇద్దామనుకున్నవాడు కూడా 1,116 దగ్గరే ఆగుతాడు. 500లు, 1,116లు వద్దని కాదు. అవి నిర్వహణ నిధికి వెళ్తాయని ముందే చెప్పండి. మాటిచ్చిన దానిలో నాలుగో వంతు రాదనుకునే లెక్క వేయండి.

పేర్లు వాట్సాప్ గ్రూపుల్లోంచే తీస్తే సగం బడి కనపడదు. బడిలో అడ్మిషన్ రిజిస్టర్లు, పదో తరగతి నామినల్ రోల్సు (పరీక్షకి పంపిన పేర్ల జాబితాలు) ఉంటాయి. హెచ్ఎం సమక్షంలో పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకోండి. ఆడపిల్లల విషయంలో ఇది తప్పనిసరి: పెళ్లై ఇంటిపేరు మారింది, ఊరు మారింది, గ్రూపుల్లో లేరు. పుట్టింటి ద్వారానే దొరుకుతారు. నాట్యం, పాట మీద బడిలో ఆసక్తి చూపినవాళ్లలో వాళ్లే ఎక్కువ కదా, వాళ్లని కమిటీ బయట పెట్టి స్టేజీ కట్టడం ఏమిటి? కమిటీలో బడికి పిల్లలు వచ్చే ప్రతి పేట నుంచీ, ప్రతి శివారు పల్లె నుంచీ ఒకరైనా ఉండాలి. ఒకే వీధివాళ్ల సంఘం అన్న మాట ఒకసారి పుట్టిందంటే చందా అక్కడే ఆగుతుంది.

పేరు గొడవ డబ్బు గొడవ కన్నా పెద్దది. స్టేజీకి వ్యక్తుల పేరు పెట్టకుండా బడి పేరే ఉంచితే మంచిది. అమ్మానాన్నల జ్ఞాపకార్థం ఇచ్చేవాళ్లకి గదులు, తెరలు, చెక్క పలకలు కేటాయించండి. ఫలకాలన్నీ ఒకే సైజు, అక్షరాలన్నీ ఒకే సైజు. మొత్తం ఎంతో ఫలకం మీద చెక్కకండి. బ్యాచ్ వారీగా పేర్లు చాలు.

ఎప్పుడు అడగాలి? సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉంటారు కానీ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర ఉంటారు. సభ భోగికి ముందురోజు సాయంత్రం పెట్టండి, గంటన్నర దాటనివ్వకండి. ఊళ్లో ఉన్న రైతుల చేతిలో డబ్బు ఆడేది సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు పడ్డాకా, దాళ్వా (రబీ) కోతలయ్యాకా. చేపల, రొయ్యల చెరువులవాళ్లకి పట్టుబడి అయ్యాక. ఉద్యోగస్తులకి మార్చి నెల పన్నుల నెల. టిక్కెట్లు పెట్టి పద్యనాటకం ఆడించి నిధులు పోగేద్దామంటారు. కళాకారుల పారితోషికం, మైకు, లైట్లు, షామియానా పోను మిగిలేది బహు తక్కువ. జనాన్ని పోగు చేయడానికైతే ఆడించండి. దానికి ఏప్రిల్ 16 చక్కటి రోజు: రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం.

ఖాతాలో 60 శాతం పడ్డాకే శంకుస్థాపన. సగంలో ఆగిన స్తంభాలు ఊళ్లో నిలబడి ఉంటే తర్వాతి పదేళ్లు ఎవరూ ఏ పనికీ చందా ఇవ్వరు. కొటేషన్లు మూడు, జీఎస్టీతో కలిపి. చెల్లింపు పునాది, స్తంభాలు, కప్పు, పూత అని దశలవారీగా. ఆఖరి 5 శాతం ఒక వానాకాలం గడిచాక. ప్రతి ఆదివారం బ్యాంకు స్టేట్‌మెంటు అన్ని గ్రూపుల్లో పెట్టండి, పద్దు లేకపోయినా సరే.

కరెంటుకి స్టేజీకి విడి బోర్డు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి), విడి ఎర్త్ గుంట. ఇది పిల్లల ప్రాణాల వ్యవహారం. తడి నేల మీద చెప్పుల్లేకుండా మైకు పట్టుకుంటారు. లైట్లు ఎల్ఈడీవే, ఎనిమిది నుంచి పన్నెండు. పాత హాలోజన్లు ఒక్కోటి వెయ్యి వాట్లు తాగుతాయి. సౌండుకి 12 అంగుళాల స్పీకర్లు రెండు, 12 ఛానెళ్ల మిక్సరు, వైరు మైకులు నాలుగు, కార్డ్‌లెస్ రెండు. అంతకు మించి కొంటే నడిపేవాళ్లుండరు.

నిర్వహణ నిధి విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. 3 లక్షలు ఆరున్నర శాతానికి వేస్తే ఏడాదికి 19,500. బల్బులకీ తెరల ఉతుకుకీ సరిపోతుంది, నాట్యం టీచరు గౌరవ వేతనానికి సరిపోదు. టీచరు లేకపోతే స్టేజీ ఉన్నా ఉపయోగం లేదు కాబట్టి ఆ జీతం కోసం ఏటా ఒక బ్యాచ్ వంతు వేసుకునేలా ఇప్పుడే రాసుకోండి.

సామాను గది విషయంలో ఒక్క మాట. మన గాలిలో తేమకి హార్మోనియం రీడ్లు చిలుము పడతాయి, మృదంగం మూతలు సడలుతాయి, ఆంప్లిఫయరుకి బూజు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఇనప బీరువాలో కింది అరలో చిన్న పాతరకం ఫిలమెంటు బల్బు ఒకటి రాత్రంతా వెలిగేలా పెట్టించండి, వాన నెలల్లో ఆ వెచ్చదనమే వాటిని కాపాడుతుంది. బల్బు చుట్టూ తీగ జాలీ ఉండాలి, గుడ్డలు ఆ అరలో పెట్టకూడదు. తాళాలు రెండు జతలు: ఒకటి హెచ్ఎం దగ్గర, రెండోది బడి పక్కనే ఉండే సొసైటీ సభ్యుడి దగ్గర.